ఎక్కొచ్చు అన్నది నేనే

ప్రియమైన అమ్మకి,

ఉత్తరమంటే ముందు అందరం క్షేమం అని రాయాలంట, నానమ్మ చెప్పింది. కాబట్టి ఇక్కడ అందరం క్షేమం. నానమ్మ క్షేమం, నాన్న క్షేమం, వంటింటి కిటికీలో నువ్వు పెట్టి వెళ్ళిన మొక్క కూడా క్షేమమే, కొత్త ఆకులు వేస్తోంది. నువ్వు కూడా ఆ కొండల్లో, ఆ సొరంగం పనిలో, చలికి దగ్గు తెచ్చుకోకుండా ఉన్నావనుకుంటున్నాను. ఈ మాట చివరిదాకా గుర్తుపెట్టుకో అమ్మా. ఎవరికీ ఏమీ కాలేదు. మధ్యలో భయమేస్తే మళ్ళీ ఇక్కడికి వచ్చి చదువుకో. నేనూ అదే చేస్తున్నాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఆదివారం మీ క్యాంపు ఆఫీసు నుంచి నువ్వు చేసే ఆ ఒక్క కాల్‌ని నాన్న స్పీకర్‌లో పెడతాడు. నానమ్మ కొండ మీదికి వినపడాలన్నట్టు అరుస్తుంది. టేబుల్ మధ్యలో నీ గొంతు పెట్టుకుని అందరం చుట్టూ కూర్చుంటాం. అక్కడ నేనేం చెప్పగలను? పోయిన వారం "నీ గొంతేంటే అంత చిన్నగా ఉంది?" అన్నావు. జలుబన్నాను. జలుబు కాదు.

ఇది స్కూల్ లైబ్రరీలో రాస్తున్నాను. గేమ్స్ పీరియడ్. కడుపునొప్పి అని చెప్పి వచ్చాను. పెద్ద అట్లాస్ తెరిచి దాని మధ్యలో పేపర్లు పెట్టుకున్నాను. నాకు సడన్‌గా జాగ్రఫీ మీద ప్రేమ పుట్టిందని లైబ్రరీ మేడమ్ తెగ సంతోషపడిపోతోంది. నా తెలుగు రాత చూసి నవ్వకు. ఇంగ్లీష్‌లో రాస్తే నాకు ఈజీనే, కానీ అది ఎస్సేలాగా నీట్‌గా వచ్చేస్తుంది. నాన్న మాటలు అందులో పట్టవు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నానమ్మ కంటి ఆపరేషన్ అయిపోయింది, బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు ఇల్లంతా ఒకసారి కలియజూసి, "ఇన్నాళ్ళూ ఈ బూజులోనా నేను కాపురం చేసింది?" అని చీపురు పట్టుకుంది. డాక్టర్ వంగొద్దన్నాడు కదా అంటే, "వంగట్లేదే, పైకే చూస్తున్నా" అంది. తర్వాత నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని, "నీ కళ్ళ కింద ఈ నలుపేంటే?" అని అడిగింది. కన్ను బాగవకముందే నయం అనిపించింది నాకు.

పదకొండో క్లాసులో ఏ గ్రూప్ అని అడిగావు. నువ్వు చెప్పినట్టే పేపర్ మధ్యలో గీత గీసి, అటొకటి ఇటొకటి రాశాను. నాన్న చూసి, "మీ అమ్మ పోతూ పోతూ తన జబ్బు నీకంటించి పోయింది" అని నవ్వాడు. మన ఫ్లాట్ కొనేటప్పటి సంగతి కూడా మళ్ళీ చెప్పాడు. నువ్వు చూసిన ప్రతి ఫ్లాట్‌కీ గీత గీసి మార్కులు వేసుకుంటూ నిద్ర మానేశావట. నాన్న ఈ ఇంట్లోకి వచ్చి, గోడని గేదెని తట్టినట్టు తట్టి, "ఇదే" అన్నాడట. చివరికి నీ మార్కుల్లోనూ ఇదే ఫస్ట్ వచ్చింది. గెలిచింది నువ్వా, నాన్నా అన్న గొడవ ఈ రోజుకీ తేలలేదు. నేను మాత్రం ఇద్దరి మధ్యా ఆ గీత లాగా పెరిగాను.

ఇంకోటి కూడా అడిగావు. "మీ నాన్న ఇంకా నీ చేత ఆ మాట చెప్పించుకుంటున్నాడా? నవ్వులాటకి మొదలైంది, ఇక మానెయ్యమను" అని రాశావు. దానికి ఆఖర్న రెండు లైన్లు రాద్దామనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఈ ఉత్తరమంతా దానికి జవాబే.

కథ నీకు తెలిసిందే. నాకు మూడేళ్ళప్పుడు మనం ముగ్గురం ఎవరింటికో వెళ్ళాం. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. నేను ఎక్కనని నేల మీద పడి దొర్లాను. లిఫ్ట్ మెకానిక్ కూతురు లిఫ్ట్ ఎక్కనంటోందని అందరూ నవ్వారు. నాన్న నన్ను ఎత్తుకుని మెట్ల దారి పట్టాడు. మనం పైకి చేరేలోపే ఆ లిఫ్ట్ రెండు ఫ్లోర్ల మధ్య ఆగిపోయింది. లోపలున్నవాళ్ళలో ఒకావిడ ఊపిరాడక కళ్ళు తేలేసింది. బయటికి తీసింది నాన్నే. ఆ రోజు నుంచి నాన్నకి నేనంటే ఒకలాంటి గురి. ఏ లిఫ్ట్ బిగించినా, బాగుచేసినా, ఇసుక బస్తాలు వేసి బరువు పరీక్షలన్నీ అయ్యాక, ఇంటికి ఫోన్ చేస్తాడు. "చిట్టీ, ఎక్కొచ్చా?" అంటాడు. నేను "ఎక్కొచ్చు నాన్నా" అనాలి. అప్పుడే కాగితం మీద సంతకం పెడతాడు.

నీకు తెలీనిదేంటంటే, నువ్వెళ్ళాక ఇది ఇంకా ముదిరింది. నేను స్కూల్ నుంచి వచ్చేదాకా లిఫ్ట్ ఆపేసి కూర్చుంటాడు. బిల్డింగ్ వాళ్ళు ఎందుకు మొదలుపెట్టట్లేదని అడిగితే, "ఆయిల్ సర్దుకోవాలండీ" అంటాడట. నేను బూట్లు కూడా విప్పకముందే నానమ్మ ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. "ముందు మాట చెప్పవే తల్లీ, ఊరంతా మెట్లెక్కుతున్నారు."

అమ్మా, ఆ మూడేళ్ళప్పటి రోజు నాకు గుర్తుంది. మెట్ల కింద ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది. వాటి దగ్గరికి వెళ్ళాలని ఏడ్చాను. అంతే. లిఫ్ట్ సంగతి నాకేం తెలుసు?

మరి ఇన్నేళ్ళూ ఎలా చెప్పావు అంటావు. నేను లోపల అచ్చం నీ కూతుర్నే. నాకేదో అనిపించి ఎప్పుడూ చెప్పలేదు. నాన్నని చదివి చెప్పాను. ఫోన్లో అడిగాక నాన్న చేతిలో స్పానర్ ఉంటుంది కదా, అనుమానం ఉంటే దాంతో పక్కనున్న ఇనుప పట్టీని తడతాడు. టక్, టక్. తనకే తెలీదు. ఆ చప్పుడుంటే నేను కాసేపు కళ్ళు మూసుకున్నట్టు నటించి, "ఇంకోసారి చూడు నాన్నా" అంటాను. చూస్తే నిజంగానే ఏదో నట్టు వదులుగా దొరుకుతుంది. ఇంటికొచ్చి నా నుదుటి మీద ముద్దుపెట్టి, "దీని నోట్లో ఏదో ఉంది" అంటాడు. చప్పుడు లేకపోతే "ఎక్కొచ్చు" అంటాను. నాన్న అనుమానాన్నే తీసి నాన్నకి తిరిగిచ్చేదాన్ని. ఇందులో మోసం ఉందని అనిపించలేదు. పని బాగానే జరిగేది.

ఈ మధ్య ఆ టకటక ఆగిపోయింది. ఎన్ని ఫోన్లు చేసినా ఒక్కసారీ లేదు. "ఎక్కొచ్చా?" అని అడుగుతాడు, తర్వాత నాన్న గొంతు ఉండదు, మోటార్ గోల మాత్రం చెవి పగిలేలా వినపడుతుంది, నా జవాబు రెండు మూడుసార్లు చెప్పించుకుంటాడు. మోటార్ రూమ్‌లో సిగ్నల్ సరిగ్గా లేదనుకున్నాను. నాన్నకి చెయ్యి తిరిగిపోయింది, ఇక అనుమానాలు రావట్లేదు అనుకున్నాను. అన్నిటికీ "ఎక్కొచ్చు" అన్నాను. అన్నిటికీ.

అలా అన్నవాటిల్లో కంటి ఆసుపత్రి లిఫ్ట్ ఒకటి. ఆ రోజు మోటార్ గోల వెనకాల ఇంకోటి వినపడింది. సన్నగా, స్టీలు గ్లాసుని ఇసుక మీద లాగినట్టు. స్స్... ఆగి, మళ్ళీ స్స్... నేను విన్నాను. కానీ చప్పుడు వినడం నా పని కాదు, అది నాన్న పని. నా పని టకటక ఉందా లేదా అని చూడటం. లేదు. "ఎక్కొచ్చు నాన్నా" అన్నాను. బూట్లు విప్పి టీ తాగాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నాన్న తలుపు పక్కనే కుర్చీలో కూర్చుని పేపర్ చదువుతున్నాడు. బెల్ మోగింది. నాన్న పేజీ తిప్పాడు. బెల్ మళ్ళీ మోగింది. నేను గదిలోంచి చూస్తూనే ఉన్నాను. తల కూడా ఎత్తలేదు. వంటింట్లోంచి నానమ్మ వచ్చి, "ఏంట్రా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అది మోగిపోతుంటే!" అని భుజం మీద ఒకటేసింది. నాన్న ఉలిక్కిపడి లేచాడు. వచ్చింది పక్కింటి దర్జీ ఆంటీ. ఆవిడ వెళ్ళగానే నాన్న, "బెల్ పాడైనట్టుందమ్మా, ఒక్కోసారి మోగట్లేదు" అని స్టూలేసుకుని దాన్ని విప్పాడు. శుభ్రంగా ఉన్న బెల్లుని ముక్కలు ముక్కలు చేసి, తుడిచి, మళ్ళీ బిగించాడు. బిగించి, నొక్కి, నా వైపు చూశాడు. నా మొహం చూసి, అది మోగిందని తెలుసుకున్నాడు. "చూశావా, ఇప్పుడు బాగైంది" అన్నాడు.

అప్పుడు, టీవీ అంత సౌండు ఎందుకో, నేను వెనకనుంచి పిలిస్తే ఎందుకు పలకట్లేదో, జోకులకి అందరూ నవ్వాక ఎందుకు నవ్వుతున్నాడో, అన్నీ ఒక్కసారే వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆ వరస చివర, స్స్, స్స్ అని ఆ కంటి ఆసుపత్రి లిఫ్ట్.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? నాన్నకి వినపడట్లేదని చెప్తే, మరి నీకు అనిపించలేదా అంటారు. నాకెప్పుడూ ఏమీ అనిపించలేదని చెప్పాలి. ఇల్లు గడవడం సరే, నాన్న ఊళ్ళో తలెత్తుకుని తిరిగేది ఆ సంతకం మీదే. అందుకని నీ పద్ధతిలో ఆలోచించాను. చప్పుడు చేసే ప్రతి లిఫ్టూ పాడైపోదు. మనింట్లో ఫ్రిజ్ ఎప్పట్నుంచో చప్పుడు చేస్తోంది. బరువు పరీక్షలన్నీ పాసైంది. నేను విన్నది ఫోన్లో, ఫోన్లో అన్నీ వింతగానే వినపడతాయి. లెక్క ప్రకారం భయపడాల్సింది ఏమీ లేదు. ఎన్నిసార్లు వేసినా లెక్క అదే వచ్చింది. అయినా స్కూల్ బస్సులోంచి ఏ బిల్డింగ్ చూసినా లోపల ఎర్ర నంబర్లు మారుతూ కనిపించేవి. ఆ పెట్టెలో ఎవరో ఉన్నారు, అద్దంలో జుట్టు సర్దుకుంటున్నారు, నా మాట మీద వేలాడుతున్నారు, వాళ్ళకి నేను తెలీదు. ఊరంతా నా నోట్లోంచి వచ్చిన ఒక్క మాట పట్టుకుని పైకీ కిందకీ తిరుగుతోంది అనిపించేది.

నానమ్మ ఆపరేషన్ రోజు నేనే తీసుకెళ్ళాలి. నాన్న పొద్దున్నే వెళ్ళి పైన డాక్టర్ గది దగ్గర చీటీ తీసుకుని కూర్చున్నాడు. ఆపరేషన్ నాలుగో అంతస్తులో. కింద లిఫ్ట్ దగ్గర స్టూల్ మీద కూర్చునే ఆయన నానమ్మని చూసి తలుపు పట్టుకున్నాడు. "రండమ్మా రండి, మీ అబ్బాయి చేసిన లిఫ్టే."

నానమ్మ ఎంత గర్వపడిందో. "మా అబ్బాయి చేసింది, మా మనవరాలు ఎక్కొచ్చంది. ఇక నాకేం భయం నాయనా" అని కాలు ముందుకేసింది.

నేను చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. "నానమ్మా, మెట్లెక్కుదాం."

"ఏం పుట్టిందే నీకు? నా మోకాళ్ళ సంగతి తెలీదా?"

"డాక్టర్ నడవమన్నాడు. ఆపరేషన్‌కి ముందు నడిస్తే మంచిదంట."

"కంటికీ కాళ్ళకీ ఏంటే సంబంధం? ఎవడా డాక్టరు?"

ఎలాగో బతిమాలి ఎక్కించాను. నానమ్మ మెట్టు మెట్టుకీ ఒక తిట్టు తిట్టింది. నన్ను, డాక్టర్ని, మెట్లు కనిపెట్టినవాణ్ణి. కళ్ళకి కట్లు కట్టుకుని బల్లల మీద కూర్చున్నవాళ్ళు ఆవిడ ఆయాసం విని నవ్వుకున్నారు. మూడో అంతస్తులో ఇక నావల్ల కాదని చతికిలబడింది. మేం ఇంకా రాలేదేంటని వెతుక్కుంటూ నాన్న పైనుంచి దిగొచ్చాడు.

"లిఫ్ట్ పెట్టుకుని మెట్లేంటమ్మా?"

"నన్నడుగుతావేం? నీ కూతుర్ని అడుగు, దానికేం పూనిందో."

బల్లల మీదివాళ్ళంతా వింటున్నారు. నాన్న నవ్వడానికి ప్రయత్నించాడు. నా దగ్గరికొచ్చి, వంగి, "ఏమే, ఎక్కొచ్చన్నావుగా?" అన్నాడు.

నేను గొణిగాను. "నాకు తెలీదు నాన్నా."

"ఆఁ?"

"నాకు తెలీదు."

నాన్న నా పెదాల వంక చూశాడు. తర్వాత, జోకుకి అందరూ నవ్వాక తను నవ్వే నవ్వు ఒకటుంది చూడు, అది నవ్వాడు. "సరే సరే, పద" అని నానమ్మని లేవదీసి, లిఫ్ట్ దగ్గరికి నడిపించి బటన్ నొక్కాడు. నేను అన్నది వినలేదు. విన్నట్టు నటించాడు. తలుపు తెరుచుకుంది. లిఫ్ట్ పైకొస్తున్నప్పుడే స్స్... అని తలుపు సందులోంచి అది వినపడింది, అమ్మా. ఫోన్లో కాదు, నిజంగా. నానమ్మ ఒక కాలు లోపల పెట్టింది.

నేను చిన్నగా మాట్లాడే పిల్లనని నీకు తెలుసు కదా. క్లాసులో అటెండెన్స్ చెప్పినా రెండోసారి అడుగుతారు. ఆ రోజు నా గొంతు నాదని నాకే తెలీలేదు.

"నాకు తెలీదు నాన్నా! నాకెప్పుడూ తెలీదు! నీకు వినపడట్లేదు, అది చప్పుడు చేస్తోంది, నీకు వినపడట్లేదు!"

మెట్ల దారంతా ఆ అరుపు పైకీ కిందకీ తిరిగింది. బల్లల మీద కట్లు కట్టుకున్నవాళ్ళందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. కళ్ళు లేవు, మొహాలు మాత్రం తిరిగాయి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ మొహాలే కనిపిస్తాయి. నాన్న వంగి నానమ్మ కాలు మెల్లిగా బయటికి తీయించాడు. జేబులోంచి తాళం తీసి లిఫ్ట్ ఆపేశాడు. నానమ్మని నర్సుకి అప్పజెప్పి, మోటార్ రూమ్‌కి మెట్లెక్కాడు. నేను వెనకాలే వెళ్ళాను. రమ్మనలేదు, వద్దనలేదు.

అక్కడ లిఫ్ట్‌ని ఖాళీగా నడిపి, నాకు ఎదురుగా నిలబడ్డాడు. "ఏం వినపడుతోంది?" నేను నోటితో చేసి చూపించాను. స్స్. స్స్. నాన్న అరచెయ్యి మోటార్ మీద పెట్టి, ఒక్కో చోటా జరుపుతూ నా మొహం చూశాడు. బ్రేక్ దగ్గరికి రాగానే నా మొహంలో ఏం కనిపించిందో, కరెంటు తీసేసి మూత విప్పాడు. నల్లటి పొడి రాలింది. బ్రేక్ వదలాల్సినంత వదలకపోవడంతో చక్రం దానికి రాసుకుంటూ తిరుగుతోంది. చక్రాన్ని పట్టుకునే బ్రేక్ పట్టీ ఒకవైపు మొత్తం అరిగిపోయింది. ఇంకొన్నాళ్ళు పోతే తలుపు తెరుచుకుని మనుషులు ఎక్కేటప్పుడు లిఫ్ట్ ఆగి నిలబడేది కాదు.

నాన్న ఆ పొడిని వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చున్నాడు. "ఫోన్ మోటార్ దగ్గర పెట్టేవాణ్ణి కదే" అన్నాడు. "నువ్వు వింటున్నావనుకున్నా. నువ్వు ఎక్కొచ్చు అంటే, నాకు వినపడకపోయినా పర్లేదు, నీకు వినపడుతోంది కదా అనుకున్నా."

అప్పుడర్థమైంది టకటక ఎందుకు ఆగిపోయిందో. స్పానర్ ఉండాల్సిన చెయ్యి ఫోన్‌ని మోటార్ దగ్గర పట్టుకుని ఉంది.

"నేను నీ స్పానర్ చప్పుడు వింటున్నా నాన్నా" అన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను, వినపడేలా.

నాన్న నన్ను నమ్ముకున్నాడు, నేను నాన్నని నమ్ముకున్నాను. మధ్యలో లిఫ్ట్‌ని ఎవరూ వినలేదు. మీ సొరంగంలో రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వస్తారని రాశావు కదా, కొలత తప్పితే ఒకరినొకరు దాటుకుని పోతామని. మేమిద్దరం అలా పోయాం అమ్మా.

ఆసుపత్రి లిఫ్ట్ నాన్న బాగుచేశాడు. వేరే మెకానిక్‌ని పిలిపించి చూపించాడు కూడా, ఇంకో కన్ను మంచిదని వాళ్ళకి చెప్పాడట. కన్ను అన్నాడు, చెవి అనలేదు. నానమ్మకి నేనేదో పరీక్షల ఒత్తిడికి అరిచానని చెప్పాడు. మిగిలినవాటి గురించి నాతో ఒక్కటే అన్నాడు. "అమ్మకి చెప్పకే. అంత దూరంలో ఉంది, కంగారుపడుతుంది. సాయంత్రాలు నువ్వు నాతో రా. నువ్వు విను, నేను చూస్తా. ఇద్దరం కలిసి ఒక మనిషి."

వెళ్తున్నాను. స్కూల్ అయ్యాక రోజూ ఒక బిల్డింగ్. నాన్న లిఫ్ట్ నడుపుతాడు, నేను మోటార్ రూమ్‌లో చెవి పెట్టి వింటాను. బాగుందని చెప్తే నాన్న నా తల నిమిరి సామాన్లు సర్దుకుంటాడు. ఎంత సంతోషంగా ఉన్నాడో తెలుసా? పాతరోజులు మళ్ళీ వచ్చినట్టు. దారిలో ఐస్‌క్రీమ్ కూడా కొనిపెడుతున్నాడు.

కానీ అమ్మా, నాకిప్పుడు ఆ చప్పుడు అన్నిట్లో వినపడుతోంది. ఫ్రిజ్‌లో, బస్సులో, నానమ్మ చీపురులో. ఈ లైబ్రరీ ఫ్యాన్‌లో కూడా ఉంది. ఈ పెన్ను పేపర్ మీద కదులుతుంటే కూడా ఉంది. నిజంగా వినపడుతోందా, వినపడుతుందేమోనని భయమా, తేడా తెలీట్లేదు. నిన్న ఒక బిల్డింగ్‌లో విన్నాననిపించింది. మళ్ళీ వింటే లేదు. మళ్ళీ వింటే ఉంది. నాన్న స్పానర్ పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడ్డాడు. "బాగానే ఉంది నాన్నా" అన్నాను. దిగొస్తుంటే కింద ఎవరో పిల్లలు స్కేటింగ్ బూట్లు వేసుకుని లిఫ్ట్ కోసం ఎదురుచూస్తున్నారు. ఆ పిల్లలు ఆ రాత్రంతా నాతోనే ఉన్నారు.

నేను ఎవరికీ చెవి కాలేను అమ్మా. నాన్నకి చెవుల డాక్టర్ కావాలి. ఆ లిఫ్ట్‌లన్నీ, వినపడేవాళ్ళు, పని తెలిసినవాళ్ళు మళ్ళీ చూడాలి. నేను చెప్తే నాన్న నవ్వేసి ఇంకో ఐస్‌క్రీమ్ కొంటాడు. నువ్వు చెప్తే వింటాడు. వినపడకపోయినా వింటాడు.

నీకు రాయాలా వద్దా అని నిన్న గీత గీశాను. "వద్దు" వైపు పేజీ నిండిపోయింది. నాన్న మాట పోతుంది, నువ్వు పని వదిలేసి రావాల్సొస్తుంది, నానమ్మకి తెలుస్తుంది, ఊళ్ళో తెలుస్తుంది, నాన్న ఇక నాతో మాట్లాడడేమో, ఇంకా చాలా. "రాయి" వైపు ఎంతసేపు కూర్చున్నా ఒక్క ముక్క తట్టలేదు. నీ పద్ధతిలో అయితే రాయకూడదు. అయినా ఖాళీగా ఉన్న ఆ వైపే చూస్తూ కూర్చున్నాను. అనిపించడం అంటే ఇదేనేమో. నాకిదే మొదటిసారి కాబట్టి సరిగ్గా చెప్పలేను.

ఆదివారం ఫోన్లో ఈ సంగతి ఎత్తకు. స్పీకర్‌లో ఉంటావు. "మొక్కకి నీళ్ళు పోస్తున్నావా?" అని అడుగు చాలు, ఉత్తరం అందిందని అర్థం చేసుకుంటాను. తర్వాత, వీలైనంత త్వరగా, వచ్చెయ్.

వచ్చేటప్పుడు మన బిల్డింగ్‌లో లిఫ్ట్ ఎక్కకు. దానికీ ఎక్కొచ్చు అన్నది నేనే. పెట్టె బరువుగా ఉంటే కింద వదిలేసెయ్, తర్వాత తెచ్చుకుందాం. మెట్ల మీద రా. నీ అడుగుల చప్పుడు నాకు ఖచ్చితంగా తెలుసు. అందులో మాత్రం పొరబడను.

ఇట్లు,
తలుపు దగ్గర చెవి పెట్టుకుని ఉండే
నీ కూతురు